మీ ఊళ్లో సుమోలు గాల్లో లేస్తాయా బ్రో?

ఫారిన్‌లో ఫ్రెండ్స్‌తో కలిసి కల్ట్ సినిమా చూడటం అంటే పండగే. ఆ పండగలో ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలకు మాత్రం ఒక ఎక్స్‌ట్రా డ్యూటీ పడుతుంది. అదేంటో, దాన్ని సరదాగా ఎలా గెలవొచ్చో చూద్దాం.

డల్లాస్ కానీ, డబ్లిన్ కానీ, మెల్‌బోర్న్ కానీ... నలుగురు తెలుగు పిల్లలు ఒక అద్దె ఇంట్లో దిగారంటే మొదటి వారంలో మూడు పనులు జరిగిపోతాయి. రైస్ కుక్కర్ ఎవరు తెచ్చారో తేలుతుంది. గిన్నెలు తోమే వంతుల మీద చిన్న గొడవ అవుతుంది. శనివారం రాత్రి ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించి, ఇప్పటికే ముప్పైసార్లు చూసిన సినిమాను ముప్పై ఒకటోసారి చూస్తారు.

ఆ సినిమాలో ఎక్కడో ఒకచోట తెల్ల చొక్కా, కోర మీసం, వేట కొడవలి కనిపిస్తాయి. అంతే! అందరి తలలూ ఒకేసారి ఒకరి వైపు తిరుగుతాయి. ఆ ఒకరిది ఆదోనో, ఎమ్మిగనూరో, కోసిగో అయ్యుంటుంది. "మీ ఊళ్లో నిజంగా సుమోలు గాల్లో లేస్తాయా బ్రో?" అన్న ప్రశ్న వస్తుంది. అందరూ నవ్వుతారు. మనమూ నవ్వుతాం. మొదటిసారి సరదాగానే ఉంటుంది. పదోసారికి మాత్రం "ఏందప్పా ఇది, మా ఊరంటే ఇంతేనా?" అని లోపల చిన్న ముల్లు గుచ్చుకుంటుంది.

అసలు కల్ట్ అంటే ఏంది?

హిట్ వేరు, కల్ట్ వేరు. హిట్ సినిమాను అందరూ ఒకసారి చూస్తారు. కల్ట్ సినిమాను కొందరే చూస్తారు, కానీ వదలరు. డైలాగులు నోటికొస్తాయి. సీన్ రాకముందే నవ్వొస్తుంది. ఎవడైనా బాలేదంటే సొంత తమ్ముణ్ని తిట్టినంత కోపమొస్తుంది.

మన దగ్గర దీనికి 2010 పెద్ద బ్యాచ్‌నే ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో 'ఖలేజా' వచ్చింది, నవంబరులో 'ఆరెంజ్' వచ్చింది. రెండూ థియేటర్లలో దెబ్బతిన్నాయి. తర్వాత టీవీలో, ఫోన్లలో, హాస్టల్ గదుల్లో మెల్లగా జనం గుండెల్లోకి ఎక్కేశాయి. 'ఆరెంజ్' 2023 మార్చిలో రీరిలీజైతే, అప్పట్లో టికెట్ కొనని తరం పాటలన్నీ గొంతెత్తి పాడింది. 'ఖలేజా' 2025 మే 30న మళ్లీ వచ్చినప్పుడూ అదే రచ్చ. ఇంకో సంగతి... 'ఆరెంజ్' నడిచేదే ఆస్ట్రేలియాలో. మొదటిసారి చూసినప్పుడు స్కూల్లో ఉన్నవాళ్లు, ఇప్పుడు అదే దేశంలో పార్ట్‌టైం జాబ్ ముగించుకొచ్చి అదే సినిమా చూస్తుంటే ఆ కిక్కే వేరు.

సుకుమార్ తీసిన '1: నేనొక్కడినే' సంగతి ఇంకా విచిత్రం. 2014 సంక్రాంతికి ఇక్కడ జనాన్ని తికమక పెట్టి నష్టపోయింది. అమెరికాలో మాత్రం పది లక్షల డాలర్లు దాటింది. అంటే కొన్ని సినిమాలకు మొదటి ఇల్లు ఫారిన్‌లోనే దొరికిందన్నమాట.

ఈ పిచ్చి మనకు ఒక్కరికే ఉందనుకోవద్దు. 1975లో వచ్చిన 'ది రాకీ హారర్ పిక్చర్ షో' మొదట ఫ్లాప్. మరుసటేడు న్యూయార్క్‌లోని వేవర్లీ థియేటర్లో అర్ధరాత్రి ఆటలు మొదలయ్యాక దాని జాతకం మారింది. సినిమాలో పెళ్లి సీన్ వస్తే జనం బియ్యం చల్లుతారు, అచ్చం మన అక్షింతల్లాగే! 2003లో వచ్చిన 'ది రూమ్' ఎంత ఘోరంగా ఉంటుందంటే, ఆ ఘోరం కోసమే చూస్తారు. అందులో ఫొటో ఫ్రేమ్‌లో చెంచా బొమ్మ కనిపించినప్పుడల్లా తెర మీదికి ప్లాస్టిక్ చెంచాలు విసురుతారు. హీరో ఎంట్రీకి కాగితం ముక్కలు ఎగరేసిన మనకు ఇది కొత్తేమీ కాదు కదా!

ఊరికి దూరమైతే పిచ్చి ఎందుకు డబుల్ అవుతుంది?

పగలంతా ఇంకొకరి భాషలో బతకాలి. క్లాసులో ప్రశ్న అడిగే ముందు వాక్యం మనసులో ఒకసారి చదువుకోవాలి. స్టోర్‌లో కస్టమర్ జోక్ వేస్తే అర్థం కాకపోయినా నవ్వాలి. అలాంటి వారం గడిచాక, ఆలోచించకుండా నవ్వొచ్చే రెండు గంటలు దొరికితే అది మందులా పనిచేస్తుంది. మనకు అర్థమైన జోక్‌కే, అదే సెకనులో పక్కవాడూ నవ్వాడంటే ఒంటరితనం సగం తగ్గినట్టే.

అందుకే 'ఈ నగరానికి ఏమైంది' లాంటి సినిమా ఫారిన్ గదుల్లో అంతగా ఆడుతుంది. 2018లో తరుణ్ భాస్కర్ తీసిన ఆ సినిమాలో పెద్ద కథేం లేదు. నలుగురు ఫ్రెండ్స్, ఒక గోవా ట్రిప్పు, తీయాల్సిన ఒక షార్ట్ ఫిల్మ్. సరిగ్గా ఐదేళ్లకు, 2023 జూన్ 29న రీరిలీజైతే థియేటర్లు నిండాయి. వీసా, లోను, షిఫ్టులు అంటూ చెల్లాచెదురైన గ్యాంగ్‌కి అది సినిమా కాదు, పాత గ్రూప్ ఫొటో.

ఇంకో లాభం ఉంది. గదిలో ఒకరిది వరంగల్, ఒకరిది భీమవరం, ఒకరిది శ్రీకాకుళం, మనది ఆదోని. వంట కుదరదు, యాస కుదరదు, పండక్కి చేసే పిండివంట పేర్లూ కుదరవు. కానీ 1993 నాటి 'మనీ'లో బ్రహ్మానందం వేసిన ఖాన్‌దాదా పేరెత్తితే నలుగురూ ఒకేలా పగలబడతారు. జిల్లాలు కలవని చోట ఖాన్‌దాదా కలుపుతాడు.

తెర మీద సీమ, నేల మీద సీమ

ఇక ముల్లు దగ్గరికి వద్దాం. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడిన ఆట మామూలుది కాదు. ఆ తర్వాత 'నరసింహనాయుడు', 'ఇంద్ర', 'చెన్నకేశవరెడ్డి' వరసగా వచ్చాయి. 2002లో 'ఆది'లో సుమోలు గాల్లోకి లేచాయి. 2003లో 'ఒక్కడు' కర్నూలు కొండారెడ్డి బురుజును తెలుగువాళ్లందరికీ చూపించింది. బురుజును చూసి మనమూ ఈలలు వేశాం, అబద్ధమెందుకు? ఆ సినిమాలంటే మనకూ ప్రాణమే.

చిక్కు ఏంటంటే, ఆ నాలుగైదేళ్ల సినిమాలు చూసి పెరిగినవాళ్లకు సీమంటే అదొక్కటే గుర్తుండిపోయింది. ఆదోని అనగానే పత్తి గుర్తుకురావాలి. మార్కెట్ యార్డుకు బండ్లు కట్టిన రోజున ఊరంతా దూదే ఎగురుతుంటుంది. ఎమ్మిగనూరు అనగానే మగ్గం గుర్తుకురావాలి. 1938లో మాచాని సోమప్ప పెట్టిన నేత కార్మికుల సహకార సంఘం ఆ ఊరి పేరును దేశమంతా తీసుకెళ్లింది. ఇవి ఏ కల్ట్ సినిమాలోనూ ఇంటర్వెల్ సీన్ కాలేదు.

ఇంకొకటి కూడా తెరకెక్కలేదు. వానలు మొహం చాటేస్తే కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు ఊళ్లు ఖాళీ అవుతాయి. పిల్లాజెల్లా, గిన్నెలు, మూటలు వేసుకుని గుంటూరు మిరప చేలకు, బెంగళూరు బిల్డింగ్ పనులకు పోతారు. దీన్ని మనవాళ్లు 'సుగ్గి'కి పోవడం అంటారు. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం. మన దగ్గర ఆ మాటకు అర్థం వలస. మన రోడ్ల మీద తెల్లారుజామున నిజంగా కనిపించేది గాల్లో లేచే సుమోలు కాదు, జనంతో కిక్కిరిసిన బండ్లు.

ఇప్పుడు ఆలోచించండి. సుగ్గికి పోయినవాళ్లు గుంటూరు జిల్లాలో ఏదో చేను గట్టున, రోజంతా మిరపకాయలు కోసి, రాత్రి ఒక్క ఫోన్ చుట్టూ పదిమంది చేరి పాత సినిమా చూస్తారు. టెక్సస్‌లో గోదాం షిఫ్టు దిగొచ్చిన కుర్రాడూ అదే చేస్తాడు. ఇద్దరికీ డబ్బు తేడా ఉంది, దూరం తేడా ఉంది. రాత్రి పడుకునే ముందు కావాల్సింది మాత్రం ఒకటే, మన మాట వినిపించే తెర.

అందుకే "సుమోలు లేస్తాయా" అన్నవాడి మీద కోపం తెచ్చుకోవడం దండగ. వాడికి తెలిసింది అంతే. కావాల్సిందల్లా ఒక శనివారం రిమోట్ మన చేతికి రావడం. ఏ సినిమా పెట్టాలి? దానికీ మంచి జవాబుంది.

ఫ్యాక్షన్‌కి అమెరికాలో ఒక తాత

రాజమౌళి 2010లో తీసిన 'మర్యాద రామన్న' గుర్తుందిగా? సునీల్ హీరో. ఉన్న కాస్త పొలం అమ్ముకుందామని సీమకు వస్తాడు. తెలియక శత్రువుల ఇంటికే అతిథిగా వెళ్తాడు. వాళ్లకో నియమం ఉంది. గడప లోపల చంపకూడదు. గడప దాటితే మాత్రం వదలరు. ఇక సునీల్ గడప దాటకుండా ఉండటానికి పడే పాట్లే సినిమా.

ఈ ఆలోచన పుట్టింది కర్నూల్లోనో కడపలోనో కాదు. 1923లో బస్టర్ కీటన్ అనే హాలీవుడ్ కామెడీ వీరుడు 'అవర్ హాస్పిటాలిటీ' అనే మూకీ సినిమా తీశాడు. అందులోనూ అంతే. ఆస్తి కోసం సొంతూరికి వచ్చిన కుర్రాడు, తరాల పగ, అతిథిని ఇంట్లో చంపకూడదన్న నియమం! ఆ సినిమాకు ఆధారం అమెరికాలో నిజంగా జరిగిన పగ. వెస్ట్ వర్జీనియా, కెంటకీ సరిహద్దులో హ్యాట్‌ఫీల్డ్, మెకాయ్ అనే రెండు కుటుంబాలు 19వ శతాబ్దంలో ఏళ్ల తరబడి ఒకరినొకరు చంపుకున్నాయి. సినిమాలో ఆ పేర్లను కొంచెం మార్చారు, అంతే.

అంటే కొడవలి, గడప, పగ, మర్యాద... ఇవి ఒక్క సీమ సొత్తేం కాదు. అమెరికా కొండల్లోనూ ఉన్నాయి. కాకపోతే అమెరికాను జనం ఆ ఒక్క పగతోనే గుర్తుపెట్టుకోలేదు. మనల్ని మాత్రం గుర్తుపెట్టుకున్నారు. ఈ ఒక్క ముక్క రూమ్మేట్లకు చెప్పి చూడండి, గది కాసేపు నిశ్శబ్దమైపోతుంది.

రెండు సినిమాలూ వెనకా ముందూ పెట్టి చూడండి. 'అవర్ హాస్పిటాలిటీ' గంటంబావే. మాటల్లేవు కాబట్టి ఇంగ్లిష్ గొడవ లేదు. పక్క ఫ్లాట్‌లోని మెక్సికో ఫ్రెండ్‌నీ, నేపాల్ ఫ్రెండ్‌నీ కూడా పిలవొచ్చు. పైగా అమెరికాలో కాపీరైట్ గడువు ముగిసిన సినిమా, అక్కడ ఉచితంగా, దర్జాగా చూడొచ్చు. కీటన్ అందులో పెడల్స్ లేని పాతకాలపు కట్టె సైకిల్ తొక్కుతాడు. మన సినిమాలో సునీల్ సైకిల్‌కి రవితేజ గొంతిచ్చాడు. ఇలాంటి పోలికలు గ్యాంగ్ కలిసి పట్టుకుంటుంటే అదో ఆట.

మనకున్న సీక్రెట్ ఆయుధం: మూడు భాషలు

ఆదోని పిల్లలకు ఇంకో అడ్వాంటేజ్ ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. అందుకే ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, పక్కింట్లో ఉర్దూ. ఇక్కడ ఇది మామూలే. ఫారిన్ గదిలో మాత్రం ఇది సూపర్ పవర్.

కన్నడ ఫ్రెండ్ ఉంటే 1995 నాటి 'ఓం' పెట్టండి. ఉపేంద్ర డైరెక్షన్, శివరాజ్‌కుమార్ హీరో. కర్ణాటకలో లెక్కలేనన్నిసార్లు మళ్లీ మళ్లీ విడుదలైన సినిమా. రీరిలీజ్ అనే మాట మనకు ఫ్యాషన్ కాకముందే వాళ్లకు అలవాటు. దీన్నే ఉపేంద్ర తెలుగులో రాజశేఖర్‌తో 'ఓంకారం'గా తీశాడు. సబ్‌టైటిల్స్ అక్కర్లేకుండా రెండూ చూడగలిగేది గదిలో మీరొక్కరే కావచ్చు.

హైదరాబాదీ, పాకిస్తానీ ఫ్రెండ్స్ ఉంటే 'ది అంగ్రేజ్' ఉంది. అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చిన ఇద్దరు ఎన్నారైలు, చార్మినార్ దగ్గర ఇస్మాయిల్ భాయ్ గ్యాంగ్. ఆ దక్కనీ ఉర్దూ వింటే ఆదోనిలో సందు చివర మాట్లాడుకున్నట్టే ఉంటుంది. ఢిల్లీ పిల్లలకు సగం జోకులు మీరే విడమరచి చెప్పాల్సి వస్తుంది. ప్రశ్నలు అడిగించుకునే స్థానం నుంచి, చెప్పే స్థానానికి మారారు చూశారా!

అచ్చంగా మన సరిహద్దు సినిమా

కత్తి లేకుండా, కన్నడ గాలి తగిలిన తెలుగుతో ఒక సినిమా కావాలంటే 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'సినిమా బండి' పెట్టండి. ఆటో తోలుకునే మనిషికి ఒక కెమెరా దొరుకుతుంది. ఊళ్లోవాళ్లను పోగేసి సినిమా తీసేద్దామని బయల్దేరతాడు. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు పల్లె, కొత్త ముఖాలు. ఆ ఊరు మనది కాదు, కానీ ఆ మాట, ఆ రాళ్ల గుట్టలు, ఆ కరువు మనకు బాగా తెలిసినవే. గంటా నలభై నిమిషాల్లో అయిపోతుంది.

ఈ సినిమా వెనక ఉన్నవాళ్ల కథ ఇంకా బాగుంటుంది. ప్రవీణ్ కండ్రేగుల తీసిన ఈ సినిమాకు నిర్మాతలు రాజ్, డీకే. ఇద్దరూ తిరుపతిలో ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్లారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తూ సినిమాలు తీయడం నేర్చుకుని, అక్కడి భారతీయుల మీద 2003లో 'ఫ్లేవర్స్' తీశారు. తర్వాత 'ది ఫ్యామిలీ మ్యాన్' దాకా ఎదిగారు. శేఖర్ కమ్ముల కూడా అమెరికాలో సినిమా చదువుకుని వచ్చి, అమెరికా కలల మీదే 'డాలర్ డ్రీమ్స్' తీశాడు. అది 2000 నాటి మాట. శనివారం రాత్రి సినిమా చూసే గదిలోంచే రేపటి డైరెక్టర్ రావచ్చు. ఎవరికి తెలుసు?

వాళ్లూ అరవడం నేర్చుకున్నారు

థియేటర్లో మనం చేసే గోలను చూసి ఒకప్పుడు బయటివాళ్లు వింతపడేవారు. ఇప్పుడు సీన్ రివర్స్. జపాన్‌లో 'బాహుబలి'కి ప్రత్యేకంగా అరుపుల షోలు వేశారు. ఎంత నెమ్మదైన దేశమో తెలుసుగా, అక్కడ జనం వేషాలు వేసుకొచ్చి 'జై మాహిష్మతి' అని కేకలేశారు. 2022 జూన్ 1న అమెరికాలో ఒక్క రాత్రి కోసం 'ఆర్ఆర్ఆర్' మళ్లీ వేస్తే, అమెరికన్లే క్యూ కట్టారు. అదే ఏడు సెప్టెంబరు 30న లాస్ ఏంజెలెస్ చైనీస్ థియేటర్లో 'నాటు నాటు' రాగానే జనం తెర ముందుకు పరిగెత్తి డాన్స్ చేశారు. కాబట్టి మీ క్లాస్‌మేట్‌ను పిలవడానికి మొహమాటపడొద్దు. మన గోల ఇప్పుడు ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ!

శనివారం రాత్రికి చెక్‌లిస్ట్

* ముందే వెతకండి: ఇండియాలో ఉన్న యాప్‌లో అమెరికాలో అదే సినిమా ఉండకపోవచ్చు. దేశాన్ని బట్టి హక్కులు మారతాయి. చాలా పాత తెలుగు సినిమాలు నిర్మాణ సంస్థల యూట్యూబ్ చానళ్లలోనే దొరుకుతాయి. పైరసీ లింకుల జోలికి పోవద్దు, పరాయి దేశంలో తలనొప్పి తెచ్చుకోవద్దు.

* సబ్‌టైటిల్స్ చూసుకోండి: తెలుగు రాని ఫ్రెండ్ ఉంటే మొదటి పది నిమిషాలు ముందే చెక్ చేయండి. కొన్ని సబ్‌టైటిల్స్ సినిమా కంటే పెద్ద కామెడీ.

* గోడలు పల్చన: చాలా అపార్ట్‌మెంట్లలో రాత్రి పది దాటితే చప్పుడు చేయకూడదన్న రూల్ ఉంటుంది. ఫైట్ సీన్‌కి సబ్ వూఫర్ అదిరితే కింది ఫ్లాట్ నుంచి కంప్లయింట్ ఖాయం. సాయంత్రం ఆరుకే మొదలుపెట్టండి.

* హాల్లో వేయాలంటే: మన గదిలో నలుగురం చూసుకోవడం వేరు, కమ్యూనిటీ హాలు తీసుకుని జనానికి చూపించడం వేరు. రెండోదానికి సినిమా హక్కులున్నవాళ్ల అనుమతి కావాలి.

* ఇంటివాళ్లనూ కలపండి: వేసవిలో డల్లాస్‌లో శనివారం రాత్రి 9 అయితే ఆదోనిలో ఆదివారం పొద్దున 7:30. సిడ్నీలో మన వేసవికాలం రాత్రి 9 అయితే ఇక్కడ సాయంత్రం 4:30. వీడియో కాల్‌లో నాన్నను కూర్చోబెట్టి ఆయన కాలం నాటి సినిమా ఒకటి పెట్టండి. ఆ సినిమా ఏ టాకీసులో, ఎవరితో చూశాడో ఆయనే మొదలుపెడతాడు. ఆ రోజుకు సినిమా కంటే ఆ కథే హిట్.

* పాప్‌కార్న్ వద్దు, ఉగ్గాని ముద్దు: ఇండియన్ స్టోర్‌లో బొరుగులు దొరుకుతాయి. నీళ్లలో ముంచి గట్టిగా పిండండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా, పసుపుతో తిరగమోత వేసి కలపండి. పైన పుట్నాల పొడి చల్లండి. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. స్మోక్ అలారం మోగకుండా కిటికీ మాత్రం తెరవండి!

ఇక ప్లాన్ సింపుల్. మొదటి శనివారం 'అవర్ హాస్పిటాలిటీ'. రెండో శనివారం 'మర్యాద రామన్న'. మూడో శనివారం 'సినిమా బండి'. మధ్యలో పాజ్ కొట్టి పత్తి గురించి, మగ్గం గురించి, సుగ్గి గురించి రెండు ముక్కలు చెప్పండి. లెక్చర్ వద్దు, రెండు ముక్కలు చాలు. నాలుగో శనివారం మళ్లీ 'సమరసింహారెడ్డి' పెట్టుకుని అందరూ కలిసి ఈలలు వేయండి, ఏం తప్పులేదు.

అప్పటికి "మీ ఊళ్లో సుమోలు లేస్తాయా" అని ఎవరూ అడగరు. "ఉగ్గాని ఇంకా మిగిలిందా బ్రో?" అని అడుగుతారు.